ఫిక్స్‌డ్ ప్రెషర్ సీపాప్ నుంచి ఆటోకు మారాలా? నాన్నగారి రిపోర్టు చూసి చెప్పగలరా

పెద్దమ్మాయి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై మూడేళ్లు. ఆయన గురక ఇంట్లో అందరికీ ఎప్పుడో అలవాటైపోయింది. గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడినట్టు గుక్క తిప్పుకోవడం అమ్మ కనిపెట్టి పట్టుబట్టాకే స్లీప్ స్టడీ చేయించాం. గంటకు 38 సార్లు శ్వాస ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందని తేలింది. వెల్లకిలా పడుకున్నప్పుడు అది 56. ఆక్సిజన్ ఒక దశలో 79 శాతానికి పడిపోయింది. ఆ తర్వాత మరో రాత్రి ల్యాబ్‌లోనే సీపాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా ఉంచే మిషను) పెట్టి, ఎంత ప్రెషర్ కావాలో చూసి, స్థిరంగా 11 (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి) పెట్టమని డాక్టర్ గారు రాసిచ్చారు.

పెట్టుకున్నంతసేపూ మిషను బాగానే పనిచేస్తోంది. మిగిలిన ఏహెచ్‌ఐ (గంటకు శ్వాస ఎన్నిసార్లు ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె) 2 దాటడం లేదు. కష్టమంతా పెట్టుకోవడంలోనే. పడుకోగానే గాలి మొహాన కొడుతున్నట్టు ఉందంటారు. తెల్లారేసరికి కడుపు ఉబ్బరం, త్రేన్పులు. రాత్రి రెండు, మూడు గంటల మధ్య తనకు తెలియకుండానే మాస్కు తీసి దిండు పక్కన పెట్టేస్తారు. ఇక అక్కడి నుంచి మళ్లీ మామూలు గురకే. సగటు వాడకం మూడున్నర గంటలు దాటడం లేదు.

మా బాబాయి ఆటో మిషను వాడతారు. "అవసరం ఉన్నప్పుడు పెంచుతుంది, లేనప్పుడు తగ్గిస్తుంది, ఫిక్స్‌డ్ అంటే పాతకాలపుది, మార్చేయండి" అని ఆయన పోరు పెడుతున్నారు. సరేనని ఒక ఆటో మిషను ట్రయల్‌కు తెచ్చాం. 4 నుంచి 20 అని సెట్ చేసి ఇచ్చారు. కడుపు ఉబ్బరం తగ్గింది. కానీ పడుకున్న కాసేపటికే ఊపిరి ఆడడం లేదని నాన్నగారు కంగారుపడుతున్నారు. ఏహెచ్‌ఐ కూడా 7కు దగ్గరగా వచ్చింది. రిపోర్టులో మధ్యస్థ ప్రెషర్ 7.4, 95 శాతం ప్రెషర్ 10.8, గరిష్ఠం 14.2 అని ఉంది. కొన్ని రాత్రులు లీకు ఎక్కువని ఎర్రటి గుర్తు వస్తోంది.

రక్తపోటుకు మాత్రలు వేసుకుంటారు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు లేవు. ముక్కుకు మాత్రమే పెట్టుకునే మాస్కు వాడుతున్నారు.

ఒకదానిలో అంకెలు బాగున్నాయి, మనిషికి సుఖం లేదు. ఇంకోదానిలో కొంత సుఖం ఉంది, అంకెలు బాగాలేవు. ఏది ఎంచుకోవాలి? పైగా ఒకే మనిషికి రెండు మిషన్లలో ఇంత తేడా ఎందుకు వస్తోంది? డాక్టర్ గారి దగ్గరకు వెళ్లేలోపు నాకు కాస్త అర్థమైతే సరైన ప్రశ్నలు అడగగలను.

గాలిమర:

నా ఓటు ఆటోకే. చాలా ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

మనిషికి కావలసిన ప్రెషర్ ఏ రాత్రీ ఒకేలా ఉండదు. జలుబు చేసిన రాత్రి ఒకలా ఉంటుంది, మద్యం తీసుకున్న రాత్రి ఇంకోలా ఉంటుంది. పక్కకు తిరిగి పడుకుంటే తక్కువ చాలు. బరువు మారితే లెక్కంతా మారుతుంది. నేను బాగా బరువు తగ్గిన కాలంలో నా 95 శాతం ప్రెషర్ నెలనెలా కిందికి దిగడం రిపోర్టుల్లో కళ్లారా చూశాను. ఫిక్స్‌డ్ అయి ఉంటే ఆ తగ్గుదల కనిపెట్టడానికి మళ్లీ ల్యాబ్‌లో పడుకోవాల్సి వచ్చేది.

అయితే ఒక్క సంగతి. నా మిషను 4 నుంచి 20 మీద లేదు. మొదట్లో అలాగే ఇచ్చారు. నాకూ మీ నాన్నగారికి అయినట్టే ఊపిరి సలపలేదు. డాక్టర్ గారు కనిష్ఠాన్ని 7కు పెంచారు, ఆ రాత్రి నుంచి ఆ బాధ లేదు. ముందు ఆ 4 సంగతి అడగండి.

రాత్రిషిఫ్టు:

పెద్దమ్మాయి గారూ, నేను స్లీప్ ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ చేసే టెక్నీషియన్‌ని. డాక్టర్‌ని కాను. మీ నాన్నగారికి ఏ అంకె పెట్టాలో నేను చెప్పకూడదు. కానీ ఆ 11 ఎక్కడి నుంచి వచ్చిందో, ట్రయల్‌లో 7 ఎందుకు వచ్చిందో చెప్పగలను. ఆ రెండూ తెలిస్తే ఆటోనా, ఫిక్స్‌డా అన్న తగవు చాలావరకు తేలిపోతుంది.

ల్యాబ్‌లో ప్రెషర్ తేల్చే రాత్రి మేము చేసే పని ఇది. మొదట 4 దగ్గర పెట్టి మనిషిని నిద్రపోనిస్తాం. పక్క గదిలో మా తెర మీద మెదడు తరంగాలు, కళ్ల కదలికలు, గడ్డం కండరం బిగువు, ఛాతీ, పొట్ట, ఆక్సిజన్, గాలి ప్రవాహం అన్నీ ఒకదాని కింద ఒకటి గీతలుగా నడుస్తుంటాయి. శ్వాస రెండుసార్లు పూర్తిగా మూసుకుపోతే ఒక సెంటీమీటరు పెంచుతాం. పూర్తిగా మూసుకోకుండా సన్నబడడం మాత్రమే అయితే మూడుసార్లు చూసి పెంచుతాం. గట్టి గురక మూడు నిమిషాలు కొనసాగినా పెంచుతాం. పెంచిన ప్రతిసారీ కనీసం ఐదు నిమిషాలు ఆగి చూడాలి. ఇలా ఒక్కో మెట్టు ఎక్కుతూ పోతే, పక్కకు తిరిగి పడుకున్న మనిషికి చాలాసార్లు 7 దగ్గరో 8 దగ్గరో గాలి గీత నిండుగా, గుండ్రంగా వచ్చేస్తుంది. గురక ఆగిపోతుంది. ఆక్సిజన్ గీత కదలకుండా నిలుస్తుంది. ఇక చాలనిపిస్తుంది.

అక్కడ ఆపకూడదు. అసలు పరీక్ష మనిషి వెల్లకిలా ఉండి కలల నిద్రలో ఉన్నప్పుడే. కలల నిద్రలో ఒంట్లో కండరాలన్నీ దాదాపు వదిలేస్తాయి. గొంతును తెరిచి ఉంచే కండరాలు కూడా సడలుతాయి. దానికి తోడు వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి వాలుతుంది. రెండూ కలిసిన ఆ స్థితిలో కనీసం పావుగంట శ్వాస సాఫీగా సాగితేనే ఆ ప్రెషర్ సరిపోయిందని నమ్మకంగా రాయగలం. కలల నిద్ర ఎక్కువగా వచ్చేది రాత్రి చివరి భాగంలో. అందుకే మా అసలు పని తెల్లవారుజామునే ఉంటుంది. ఎనిమిదితో హాయిగా ఉన్న మనిషి అప్పుడు వెల్లకిలా తిరిగితే, ఒక్కో సెంటీమీటరూ పెంచుతూ పదకొండు దాకా వెళ్లాల్సి వస్తుంది.

అంటే మీ చేతిలో ఉన్న 11, మీ నాన్నగారి రాత్రిలో అతి కష్టమైన ఘడియకు సరిపడే ప్రెషర్. ఆయనకు అది రాత్రంతా అవసరం కాకపోవచ్చు. వెల్లకిలా ఉన్నప్పుడు 56, మొత్తం మీద 38 అని మీరే రాశారు. భంగిమను బట్టి ఆయన అవసరం గట్టిగా మారుతోందని ఆ రెండు అంకెలు చెబుతున్నాయి.

ఇప్పుడు ట్రయల్ రిపోర్టు. 95 శాతం ప్రెషర్ 10.8 అంటే, వాడిన సమయంలో నూటికి తొంభై అయిదు వంతులు మిషను 10.8 కన్నా పైకి పోలేదు. ల్యాబ్‌లో మనుషులు కూర్చుని తేల్చింది 11. ఇంట్లో మిషను తనంతట తాను వెతుక్కున్నది 10.8. రెండూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. మీకు ఇచ్చిన టైట్రేషన్ (ల్యాబ్‌లో ప్రెషర్ తేల్చడం) సరైనదేనని నాకు ధైర్యంగా అనిపిస్తోంది.

మరి ఏహెచ్‌ఐ 7 ఎందుకు వచ్చింది? ఆటో మిషను రాబోయేదాన్ని ముందుగా చూడలేదు. అది లోపలికి పీల్చే గాలి గీత ఆకారాన్ని గమనిస్తుంది. గొంతు ఇరుకవుతుంటే ఆ గీత పైభాగం గుండ్రంగా కాకుండా చదునుగా మారుతుంది. గురక కంపనాన్నీ, శ్వాస ఆగడాన్నీ కూడా పట్టుకుంటుంది. అప్పుడు కొద్దికొద్దిగా పెంచుతుంది. అంతా సర్దుకుంటే నిమిషాల తరబడి నెమ్మదిగా దించుతుంది. పదకొండు అవసరమయ్యే మనిషిని నాలుగు దగ్గర ఉంచితే, అది అంత ఎత్తు ఎక్కేలోపు గొంతు చాలాసార్లు మూసుకుంటుంది. అవన్నీ లెక్కలో పడతాయి. తర్వాత నాన్నగారు పక్కకు తిరుగుతారు, మిషను కిందికి దిగుతుంది, మళ్లీ వెల్లకిలా తిరుగుతారు, మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. తప్పు ఆటో అన్న పద్ధతిది కాదు, ఆ 4 ది. గాలిమర గారు చెప్పింది నిజం.

నాలుగు దగ్గర ఊపిరి ఆడనట్టు ఉండడం కూడా ఊహ కాదు. మాస్కుకు ఉండే చిన్న చిల్లుల్లోంచి మనం వదిలిన గాలి బయటికి పోవాలి. ప్రెషర్ తక్కువైనప్పుడు ఆ ప్రవాహమూ తక్కువే. పెద్ద ఊపిరి తీసుకునేవారికి అది చాలదనిపిస్తుంది. అందుకే మిషన్లు 4 కన్నా కిందికి పోవు.

అటు చివరన ఉన్న 20 వల్ల కూడా ఇబ్బందే. ఆ రాత్రి 14.2 దాకా ఎందుకు ఎక్కిందో చూడాలి. మీ ఫోన్లో వచ్చే సారాంశం కాకుండా, ఏదైనా ఒక రాత్రి పూర్తి గ్రాఫు తెరిపించండి. ప్రెషర్ గీత, దాని కింద లీకు గీత, కాలం ఒకే వరుసలో ఉంటాయి. ఏది ముందు పెరిగిందో చూడండి. ప్రెషర్ ముందు పెరిగి, ఆ తర్వాత లీకు మొదలైతే, ఎక్కువైన గాలి మాస్కు అంచులను లేపుతోందని అర్థం. లీకు ముందు మొదలై ఆ తర్వాత ప్రెషర్ ఊగిసలాడితే, నోరు తెరుచుకుంటోందో, మాస్కు పక్కకు జరుగుతోందో చూడాలి. లీకు ఎక్కువగా ఉన్నప్పుడు మిషనుకు గాలి గీత సరిగా కనిపించదు. ఆ సమయంలో అది తీసుకునే నిర్ణయాలనూ, చూపించే ఏహెచ్‌ఐనీ నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఇంకొక్కటి గుర్తుంచుకోండి. మీ నాన్నగారు నిద్రపోతున్నారో, మేలుకుని ఉన్నారో ఇంటి మిషనుకు తెలియదు. మాకు ల్యాబ్‌లో మెదడు తరంగాలు ఉంటాయి, దానికి లేవు. మేలుకుని అటూ ఇటూ దొర్లుతూ ఊపిరి బిగబట్టినా, గుటక వేసినా, కొన్నిసార్లు దాన్నీ శ్వాస ఆగినట్టే రాసేస్తుంది. ఊపిరాడక కంగారుపడుతూ గడిపిన సమయం ఆ 7లో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు.

ఏది మేలంటే, అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2019 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు కొనసాగే చికిత్సగా రెండింటిలో ఏదైనా సరేనని రాసింది. అదే ఏడాది వచ్చిన కోక్రేన్ సమీక్షలో (చాలా పరీక్షల ఫలితాలను కలిపి చూసేది) ఆటో వాడినవారు రాత్రికి సగటున 13 నిమిషాలు ఎక్కువ వాడారు. తేడా అంతే. ఇది చాలామంది సగటు. ప్రెషర్ భరించలేక మాస్కు తీసేసే ఒక్క మనిషికి తేడా ఇంతకన్నా చాలా ఎక్కువ ఉండవచ్చు. నా దృష్టిలో మీ నాన్నగారు ఆ కోవలోనే ఉన్నారు.

ఫిక్స్‌డ్ పాతకాలపుదన్న మాట నాకు బాధ కలిగిస్తుంది. పాతదే. సిడ్నీలో కాలిన్ సలివన్ బృందం ఐదుగురు రోగులకు ముక్కు ద్వారా స్థిరమైన ఒత్తిడితో గాలి పంపి, గొంతు మూసుకోకుండా ఆపగలిగామని 1981లో లాన్సెట్ వైద్య పత్రికలో రాసింది. అప్పటివరకు తీవ్రమైన రోగులకు గొంతుకు రంధ్రం చేయడం ఒక్కటే గట్టి దారి. అన్నేళ్లుగా లక్షల మందిని నిద్రపుచ్చుతున్న పద్ధతి అది. రక్తపోటు విషయంలో ఆటో కన్నా ఫిక్స్‌డ్ కాస్త మెరుగని చూపిన పరీక్షలూ ఉన్నాయి. తేడా చిన్నదే. అయినా మీ నాన్నగారు మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి డాక్టర్ గారి దగ్గర ఆ మాట ఎత్తండి.

కడుపు ఉబ్బరం సంగతి. గాలి అన్నవాహికలోకి జారడం వల్ల వచ్చేది అది. ప్రెషర్ ఎక్కువయ్యేకొద్దీ పెరుగుతుంది. చాలా మిషన్లలో ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడిని ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల దాకా తగ్గించే ఏర్పాటు ఉంటుంది. మొదట తక్కువతో మొదలై మెల్లగా ఎక్కే ర్యాంప్ కూడా ఉంటుంది. ఈ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో కనుక్కోండి. ఆటోకు మారకుండానే సగం బాధ పోవచ్చు.

మిషను మార్చాల్సి వస్తే ఆటో పద్ధతి ఉన్నదే తీసుకోండి. ఆటో మిషన్లను ఫిక్స్‌డ్‌గా కూడా పెట్టవచ్చు. ఫిక్స్‌డ్ మాత్రమే చేసే మిషనును ఆటోగా మార్చలేరు.

మెలకువ:

నాది గాలిమర గారికి ఎదురు అనుభవం. ఆటోతో మొదలుపెట్టి ఫిక్స్‌డ్‌కు వచ్చాను, ఇప్పుడు ఎవరైనా ఆటో అంటే వద్దనే అంటాను.

నాది తేలిక నిద్ర. ప్రెషర్ 6 నుంచి 10కి ఎక్కుతుంటే ఆ మార్పుకే మెలకువ వచ్చేది. గాలి శబ్దం మారేది, మాస్కు అంచు కంటి వైపు ఉబ్బి సన్నగా ఈల వేసేది. పట్టీలు బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడింది. 6 దగ్గర సరిపోయే బిగువు 10 దగ్గర చాలదు, 10కి సరిపోయే బిగువు 6 దగ్గర నొక్కేస్తుంది. ఏహెచ్‌ఐ ఎప్పుడూ ఒకటీ రెండే. కాగితం మీద నా చికిత్స అద్భుతం. పగలంతా మాత్రం కళ్లు మూతలు పడేవి. డాక్టర్ గారు కొన్ని వారాల రిపోర్టు చూసి 9 దగ్గర స్థిరంగా పెట్టారు. మాస్కును ఆ ఒక్క ప్రెషర్‌కు సరిచేసుకున్నాను. అప్పటి నుంచి తెల్లవారేదాకా మెలకువ రావడం లేదు.

కాబట్టి మీ నాన్నగారిని అంకెలు కాకుండా ఇంకొకటి కూడా అడగండి. పొద్దున్న లేచాక తల తేలికగా ఉందా? మధ్యాహ్నం కూర్చున్నచోట కునుకు వస్తోందా? నా విషయంలో రిపోర్టు చెప్పలేనిది అదే.

పెద్దమ్మాయి:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. రాత్రిషిఫ్టు గారూ, మీరు రాసింది ప్రింటు తీసి నాన్నగారికి చదివి వినిపించాను. "నా కష్టమైన ఘడియకు పెట్టిన అంకె" అన్న మాట ఆయనకు బాగా పట్టింది. అప్పటి నుంచి 11 మీద కోపం కొంత తగ్గింది.

మిషను ఇచ్చినవాళ్ల చేత పూర్తి గ్రాఫులు తీయించాను. ఆటో పెట్టిన రాత్రుల్లో రెండు గంటల ప్రాంతంలో లీకు ముందు మొదలవుతోంది. ప్రెషర్ అప్పటికి 8, 9 మధ్యనే ఉంది. కాసేపటికి అది పైకీ కిందికీ ఊగి 14 దాకా పోయింది. ఆ వెంటనే మాస్కు తీసేసినట్టు గీత ఆగిపోయింది. నోరు ఎండిపోయిందని నాన్నగారు రోజూ అంటున్నారు, అది దీనికి సంబంధించిందేనా? ఆయనకు ఒకవైపు ముక్కు ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. దాన్ని ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇంకో ప్రశ్న. ఏహెచ్‌ఐ కింద విడిగా "తెరిచిన వాయుమార్గం" అని గంటకు 1.5 ఉంది. ఫిక్స్‌డ్ రిపోర్టులో అది 0.4. ఇది భయపడాల్సిన విషయమా? బాబాయి అయితే, సెట్టింగుల మెనూ ఎలా తెరవాలో తనకు తెలుసు, 8 నుంచి 12 పెట్టేద్దాం అంటున్నారు.

రాత్రిషిఫ్టు:

గ్రాఫు తీయించి మంచి పని చేశారు. ఆ ఒక్క కాగితంతో డాక్టర్ గారి పని చాలా తేలికవుతుంది.

నోరు ఎండడం, రెండు గంటలకు లీకు, ఒకవైపు మూసుకున్న ముక్కు, ముక్కుకు మాత్రమే పెట్టే మాస్కు. ఈ నాలుగూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. గాలి ముక్కులోకి వెళ్లి నోట్లోంచి బయటికి వచ్చేస్తున్నట్టుంది. వచ్చే దారిలో అంగిలిని, నాలుకను ఎండగట్టేస్తుంది. అలా జరిగితే ఏ మనిషైనా నిద్రలోనే మాస్కు లాగేస్తాడు. ముందు ముక్కు చూపించండి. ముక్కు లోపలి గోడ వంకరగా ఉందో, ఎలర్జీ వాపో, ఏదైనా కావచ్చు. ముక్కు తెరుచుకుంటే నోరు తనంతట తానే మూసుకునేవారు చాలామంది ఉన్నారు. హ్యుమిడిఫయర్ (గాలికి తేమ కలిపే భాగం) వేడిని కాస్త పెంచడం, వేడి చేసే ట్యూబు వాడడం కూడా ముక్కు వాపును తగ్గిస్తాయి.

నోటిని కూడా కప్పే పెద్ద మాస్కు ఇస్తామని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోవద్దు. కొందరికి అది తప్పనిసరి. కానీ దాంతో చాలామందికి ప్రెషర్ ఎక్కువ కావలసి వస్తుంది, లీకూ పెరుగుతుంది. ఇప్పటికే 11 బరువుగా ఉన్న మనిషికి అది చివరి మార్గంగా ఉండాలి.

"తెరిచిన వాయుమార్గం" అంటే గొంతు మూసుకోలేదు, అయినా శ్వాస ఆగింది, అంటే పీల్చమన్న ఆజ్ఞ మెదడు నుంచి ఆ కాసేపు రాలేదని అర్థం. మిషను సన్నటి గాలి కదలికలు పంపి గొంతు తెరిచి ఉందో లేదో కనిపెడుతుంది. గొంతు తెరిచే ఉంటే ప్రెషర్ పెంచి లాభం లేదు, మంచి మిషన్లు పెంచవు. గంటకు 1.5 నాకు ఆందోళన కలిగించే అంకె కాదు. అందులో కొన్ని మెలకువలోవి అయి ఉండవచ్చు. సీపాప్ మొదలుపెట్టిన కొత్తలో ఇవి కొందరికి పెరిగి, తర్వాత వాటంతట అవే తగ్గుతాయి. గంటకు 5 దాటి అలాగే నిలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా చెప్పాలి.

ఈ సందర్భంలోనే ఇంకో మాట, మీకోసం కాదు, ఇది చదివే మిగతావారి కోసం. గుండె వైఫల్యం, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, బాగా ఊబకాయంతో పగలు కూడా శ్వాస తగ్గిపోవడం, నల్లమందు జాతి నొప్పి మందుల దీర్ఘకాల వాడకం, మెదడు ఆజ్ఞ లోపం వల్ల వచ్చే స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగే జబ్బు), కండరాల జబ్బులు. వీటిలో ఏది ఉన్నా ఇంట్లో ఆటో మిషను పెట్టి వదిలేయకూడదు. ల్యాబ్‌లో మనుషులు చూస్తుండగానే ప్రెషర్ తేలాలి. మిషను తెలివి ఎక్కువైతే చికిత్స మెరుగవుతుందని అనుకోవద్దు. ప్రతి శ్వాసనూ చూసి సర్దుబాటు చేసే ఏఎస్‌వీ అనే మిషన్లు ఉన్నాయి, ఆటో కన్నా ఎంతో తెలివైనవి. గుండె పంపింగ్ 45 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉండి, ప్రధానంగా మెదడు ఆజ్ఞ లోపం వల్ల శ్వాస ఆగే రోగుల్లో వాటిని పరీక్షిస్తే గుండె సంబంధ మరణాలు పెరిగాయి. 2015లో సెర్వ్-హెచ్‌ఎఫ్ అనే పరీక్ష ఆ సంగతి బయటపెట్టింది. ఆ ఫలితం వచ్చినప్పుడు చాలామంది డాక్టర్లు అటువంటి రోగులకు ఆ మిషను ఇవ్వడం మానేశారు.

అందుకే మీ బాబాయి గారిని మెనూ తెరవనివ్వకండి. ఆయన చెప్పిన 8 నుంచి 12 అర్థంలేని అంకెలు కావు, నిజానికి చాలా దగ్గరగా ఆలోచించారు. కానీ మీ నాన్నగారి ల్యాబ్ రిపోర్టులో నాకు కనిపించని విషయాలు డాక్టర్ గారికి కనిపిస్తాయి. సెట్టింగు ఎప్పుడు, ఎవరు, ఎందుకు మార్చారో రాసి లేకపోతే తర్వాతి రిపోర్టు ఎవరూ చదవలేరు. ముక్కు, ర్యాంప్, కనిష్ఠ ప్రెషర్ మూడూ ఒకేసారి మార్చినా అంతే, ఏది పనిచేసిందో తెలియదు.

డాక్టర్ గారిని ఇవి అడగండి: ఊపిరి వదిలేటప్పుడు తగ్గించే ఏర్పాటు పెట్టుకుని 11 మీదే ఉండవచ్చా, లేక 11ను మధ్యలో ఉంచుకుని ఇరుకైన పరిధిలో ఆటో పెట్టవచ్చా? ముక్కు డాక్టర్‌కు చూపించాలా? వెల్లకిలా పడుకోకుండా ఏదైనా చేస్తే ఆయనకు ఎంత ప్రెషర్ తగ్గుతుంది? ఈ చివరిది తప్పకుండా అడగండి. 56కీ 38కీ ఉన్న తేడా చూశాక నాకు దాని మీదే ఎక్కువ ఆశగా ఉంది.

గాలిమర:

రాత్రిషిఫ్టు గారికి ధన్యవాదాలు. లీకు ముందా, ప్రెషర్ ముందా అని చూడాలన్నది ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు. ఈ రాత్రికే నా గ్రాఫు తీస్తాను.

పెద్దమ్మాయి:

డాక్టర్ గారిని కలిశాం. గ్రాఫుల కాగితం ఆయన చాలాసేపు చూశారు. ముందు ముక్కు సంగతి తేల్చమని పంపారు. ఎలర్జీ వాపు అన్నారు, ముక్కులో కొట్టుకునే స్ప్రే రాశారు. మిషను ఆటోయే ఉంచి 8 నుంచి 12 మధ్య బిగించారు (బాబాయి ముఖం వెలిగిపోయింది). ఊపిరి వదిలేటప్పుడు రెండు సెంటీమీటర్లు తగ్గేలా పెట్టారు. ముక్కుకు, మిషనుకు మధ్య కొంత వ్యవధి ఇచ్చి ఒకదాని తర్వాత ఒకటే మార్చారు, మీరు చెప్పినట్టే. స్ప్రే మొదలైన కొన్నాళ్లకే నోరు ఎండడం తగ్గింది. రెండు గంటల లీకు ఇంకా అప్పుడప్పుడు కనిపిస్తోంది కానీ మాస్కు తీయడం దాదాపు మానేశారు. ఇప్పుడు వాడకం ఐదు గంటలు దాటుతోంది, ఏహెచ్‌ఐ 3 లోపే ఉంటోంది. కడుపు ఉబ్బరం పూర్తిగా పోలేదు.

మెలకువ గారు అడగమన్న ప్రశ్న కూడా అడిగాను. మధ్యాహ్నం కునుకు ఇంకా వస్తోందట, కానీ మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారడం లేదని అమ్మ చెప్పింది. వెల్లకిలా పడుకోకుండా వీపు వెనక పెట్టే దిండు గురించి డాక్టర్ గారు వచ్చేసారి చూద్దామన్నారు. అది ఎవరైనా వాడి ఉంటే ఏ రకం నిలుస్తుందో, ఏది రాత్రి మధ్యలో జారిపోతుందో రాయగలరా?